పాత బీఎండబ్ల్యూ విడిభాగాల విషయంలో మా పొరపాటు, ఇకపై మా పద్ధతి

ఖాతాదారులందరికీ నమస్కారం. మేము అమ్మిన ఒక పాత సిలిండర్ హెడ్ (ఇంజిన్ బ్లాకు మీద బిగించే, వాల్వులుండే పైభాగం) కారణంగా మీలో ఒకరు నెల తిరగకుండానే రెండుసార్లు ఇంజిన్ విప్పించుకోవలసి వచ్చింది. తప్పు పూర్తిగా మాది. ఆయనకు హెడ్ వెలతో పాటు రెండోసారి పట్టిన గ్యాస్కెట్లు, బోల్టులు, కూలి అన్నీ లెక్కగట్టి తిరిగి ఇచ్చాము. కానీ అదే పద్ధతిలో విప్పి అమ్మిన హెడ్‌లు మరికొందరి బండ్లలో కూడా ఉన్నాయి గనుక డబ్బు ఇచ్చి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది. అందువల్ల ఏం జరిగిందో, ఆ తరువాత మా షెడ్డులో ఏయే పనులు మారాయో, కొందరి బండ్లు చెప్పిన గడువుకు ఎందుకు అందలేదో ఉన్నదున్నట్టు తెలియజేస్తున్నాము.

ఆ హెడ్ ఒక ఈ-36లోని ఎం-52 ఇంజిన్‌ది (ఈ-తో మొదలయ్యేవి బీఎండబ్ల్యూ మోడళ్ల సంకేతాలు, ఎం-తో మొదలయ్యేవి ఇంజిన్ల సంకేతాలు). వెనుక నుంచి మరో వాహనం గుద్దడంతో బాడీ నలిగిపోయి, బాగుచేయించడం దండగని యజమాని వదిలేసిన బండి అది. మేము చూసినప్పుడు ఇంజిన్ స్టార్టయింది, పొగ లేదు, శబ్దంలో తేడా లేదు, పైగా రేడియేటరు సరికొత్తది. ఆ కొత్త రేడియేటరును చూసి సంతోషించాము. నిజానికి అనుమానించవలసింది దాన్నే. ఇరవై ఏళ్లు దాటిన బండికి సరదా కొద్దీ ఎవరూ రేడియేటరు మార్చరు. అంతకుముందెప్పుడో నీళ్లు కారిపోయి ఇంజిన్ మరిగి ఉంటుందన్న ఆలోచన మాకు రావలసింది, రాలేదు. అమెరికాలో అమ్మిన ఈ-36ల ఎం-52లకు ఇనుప బ్లాకు ఉండేది గానీ, ఆ బండిలో హెడ్డూ బ్లాకూ రెండూ అల్యూమినియంవే. అలాంటి ఇంజిన్ ఒక్కసారి మితిమీరి వేడెక్కినా చాలు, హెడ్ వంగవచ్చు, చిట్లవచ్చు, బ్లాకులో హెడ్ బోల్టులు పట్టే మరలు బలం కోల్పోయి మళ్లీ బిగించేటప్పుడు బోల్టుతో పాటు ఊడి రావచ్చు. ఇనుప బ్లాకుతో 1990లో వచ్చిన ఎం-50 ఈ మరల విషయంలో మొండిదే, కానీ దాని హెడ్ కూడా అల్యూమినియమే గనుక మిగతా భయాలు దానికీ ఉన్నాయి.

అప్పట్లో మేము చేసే పరీక్ష చాలా చిన్నది. హెడ్ దింపి, అంటుకుపోయిన గ్యాస్కెట్‌ను గీకి, తిన్నని స్టీలు బద్దను నిలువుగానూ ఏటవాలుగానూ ఆనించి, దాని కింద ఫీలర్ గేజి రేకు దూరుతుందేమో చూసేవాళ్లం. ఈ హెడ్ కింద దూరలేదు. ముఖం సమంగా ఉంది గనుక హెడ్ బాగుందని చీటీ రాసి పంపాము. ఖాతాదారు బండి రెండు వారాలు బాగానే తిరిగింది. ఆ తరువాత ఉదయం స్టార్ట్ చేయగానే ఒక సిలిండరు మందగించడం, పైపులు రాయిలా బిగుసుకోవడం, బయట చుక్క కూడా కారకుండానే ట్యాంకులో నీళ్లు తగ్గడం మొదలయ్యాయి. హెడ్ మా వద్దకు తిరిగి వచ్చాక నీటి దారులన్నింటినీ ప్లేట్లతో మూసి, లోపలికి గాలి పట్టించి, వేడినీళ్ల తొట్టిలో ముంచాము. మొదట ఏమీ కనబడలేదు. లోహం వేడెక్కే కొద్దీ నాలుగో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు సీట్లు రెండింటి నడుమ నుంచి ఆవగింజంత బుడగలు దండ గుచ్చినట్టు ఒకదాని వెనుక ఒకటి పైకి రాసాగాయి. హెడ్ చల్లారిన తరువాత అదే చోట భూతద్దం పెట్టి వెదికినా ఆ పగులు మాకు దొరకలేదు.

ఇకపై మా దగ్గర నుంచి వెళ్లే ప్రతి ఎం-50, ఎం-52, ఎం-54 హెడ్ ఈ తొట్టిలో మునిగి తేలిన తరువాతే వెళుతుంది. ఫేసింగ్ (హెడ్ ముఖాన్ని చెక్కి సమం చేయడం) చేయిస్తే ఎంత మందం తీశామో చీటీ మీద రాస్తాము. ముఖం తీసే కొద్దీ వాల్వులకూ పిస్టన్లకూ మధ్య ఎడం తగ్గిపోతుంది గనుక, 0.3 మి.మీ. ఎక్కువ మందమున్న గ్యాస్కెట్‌ను కంపెనీయే అందుకోసం ఇస్తుంది. ఆ గ్యాస్కెట్ సర్దగలిగినదానికి మించి తీయవలసిన హెడ్‌ను మేము తుక్కులో వేస్తాము. హెడ్‌తో పాటు పాత బోల్టులు కూడా పంపమని అడిగేవారున్నారు. పంపము. అవి బిగించినప్పుడు సాగే రకం, ఒకసారి సాగినవి రెండోసారి అదే పట్టు ఇవ్వవు. గతంలో మా వద్ద హెడ్ కొని ఇంకా బిగించనివారు దాన్ని పంపితే రానుపోను రవాణా ఖర్చు మేమే పెట్టుకుని పరీక్షిస్తాము. బిగించినవారు కారణం తెలియకుండా నీళ్లు తగ్గుతుంటే ఆలస్యం చేయకండి. ట్యాంకు మూతి వద్ద నీలిరంగు ద్రవం పెట్టి చేసే గ్యాస్ పరీక్ష ఏ మంచి వర్క్‌షాపులోనైనా చేస్తారు. ఆ ద్రవం పసుపుకు తిరిగితే మండిన వాయువు నీటిలోకి వస్తున్నట్టే. అలా తేలితే మాకు తెలియజేయండి, బాధ్యత మాది.

విప్పిన బండి నుంచి వచ్చే ప్రతి వస్తువూ అమ్మకానికి పనికిరాదని మాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసి కూడా అడిగినవారి తొందర చూసి కొన్నిసార్లు ఇచ్చాము. ఇక ఇవ్వము. రేడియేటరు, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, ప్లాస్టిక్ థర్మోస్టాట్ గూడు, నీటి పంపు, నీటి పైపులు, పెట్రోలు పైపులు, బ్రేకు గొట్టాలు, సస్పెన్షన్ బుష్‌లు, గేరుబాక్సుకూ ప్రొపెల్లర్ షాఫ్టుకూ మధ్య ఉండే రబ్బరు జాయింటు, ఇవేవీ పాతవి మా దగ్గర దొరకవు. ఏళ్ల తరబడి వేడికీ చలికీ నలిగిన ప్లాస్టిక్ చూపుకు గట్టిగానే ఉంటుంది, పైపు క్లిప్పు సడలించేటప్పుడు రేడియేటరు మూతి విరిగి చేతిలోకి వస్తుంది. ఇలా విరిగిన మూతులను ఒక డబ్బాలో పోగుచేసి ఉంచాము. షెడ్డుకు వచ్చి పాత రేడియేటరు కావాలని పట్టుబట్టేవారికి ఆ డబ్బా చూపిస్తున్నాము.

ఎయిర్‌బ్యాగులు, సీటుబెల్టు ప్రీటెన్షనర్లు (ప్రమాద క్షణంలో బెల్టును బిగించేవి) కూడా అమ్మము, ఇచ్చిపుచ్చుకోము. ఈ-46, ఈ-39, తొలి ఎక్స్5 అయిన ఈ-53 బండ్లలో కొన్నింటికి టకాటా కంపెనీ తయారీ ఇన్‌ఫ్లేటర్లు (బ్యాగును గ్యాసుతో నింపే డబ్బాలు) ఉండి, వాటిని కంపెనీ రీకాల్ చేసిన సంగతి మీలో చాలామందికి తెలుసు. కాలం, వేడి, తేమ కలిసి లోపలి మందును పాడుచేస్తే, బ్యాగు విచ్చుకునే క్షణంలో దాని లోహపు డబ్బా పగిలి ముక్కలు ఎదుటి మనిషికి తగులుతాయి. అందుచేత మూడు పుల్లల స్పోర్ట్ స్టీరింగు కావలసినవారికి స్టీరింగు మాత్రమే ఇస్తాము, మధ్యలోని బ్యాగు ఇవ్వము. గతంలో పాత స్టీరింగు మార్పించుకున్నవారు అందులోని బ్యాగు ఏ బండిదో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే మీ చాసిస్ నంబరుకు రీకాల్ లేకపోయినా ఆ బ్యాగు వచ్చిన బండికి ఉండవచ్చు.

ఇక ఆలస్యాల సంగతి. సస్పెన్షన్ గట్టిచేసి, ఎత్తు తగ్గించమని వచ్చిన ఒక ఈ-46ను వారంలో ఇస్తామని చెప్పి రెండున్నర నెలలు ఉంచుకున్నాము. ఆ మోడలులో వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక సస్పెన్షన్‌నూ డిఫరెన్షియల్‌నూ మోసే చట్రం) నాలుగు చోట్ల నేల రేకుకు బిగుస్తుంది, ఆ చోట్ల రేకు అలిసిపోయి స్పాట్ వెల్డులు ఊడటం, పగుళ్లు రావడం ఆ బండికి పుట్టుకతో వచ్చిన బలహీనత. బండి కదిలేటప్పుడో రివర్సు వేసేటప్పుడో వెనుక నుంచి టక్కున ఒక దెబ్బ వినిపిస్తే బుష్ అరిగిందని చాలామంది సరిపెట్టుకుంటారు. ఈ బండి యజమాని కూడా అలాగే అనుకున్నారు, ఒప్పుకోవాలంటే మేమూ మొదట అలాగే అనుకున్నాము. సబ్‌ఫ్రేమ్ దింపి, రేకు మీది తారు పూత గీకేసరికి ముందువైపు ఎడమ బిగింపు చుట్టూ అరచెయ్యంత పొడవున పగులు బయటపడింది. దాని మీద గట్టి బుష్‌లు, కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు, షాక్ అబ్సార్బరు జతలు) వేసి పంపి ఉంటే పగులు ఇంకా త్వరగా సాగేది. పెట్రోలు ట్యాంకు దింపడం, పగులు చివర్లలో రంధ్రం వేసి ఆపడం, నాలుగు చోట్లా బలపు ప్లేట్లు వెల్డింగ్ చేయడం, మళ్లీ పూత వేయడం, ఇదంతా మొదటి అంచనాలో లేని పని. ఇప్పటి నుంచి ఈ-46కు సస్పెన్షన్ పని ఒప్పుకునే ముందే నేల రేకు చూస్తాము, చూసిన తరువాతే గడువు చెబుతాము. చూడనివ్వము, పని మాత్రం చేయండి అనేవారి బండి తీసుకోము.

రెండో ఆలస్యం ఒక ఈ-30ది. రంగు వేయడానికి ముందు అద్దం తీస్తే రబ్బరు కింద అంచు రేకు పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఆ తరువాత జాకీ పెట్టే చోట్లు, వెనుక చక్రాల పైరేకులు, సన్‌రూఫ్ నీటిగొట్టాల చివర్లు ఒక్కొక్కటీ తడిమి చూడక తప్పలేదు. పైరంగు ఎంత నిగనిగలాడినా కింద తుప్పు తన పని తాను చేసుకుపోతుంది. కోసిన చోటల్లా అంతే మందం రేకును వంచి అతికించడానికి చేయి తిరిగిన పనివాడు కావాలి, మా దగ్గర అలాంటివారు ఒక్కరే ఉన్నారు. ఆయనను తొందరపెట్టడం మాకు ఇష్టం లేదు. ఆ బండికే మీటర్లు పిచ్చిపిచ్చిగా తిరుగుతున్నాయని ఫిర్యాదు కూడా ఉండేది. మీటర్ల పెట్టె విప్పితే సర్వీసు గుర్తుచేసే దీపాల బోర్డు మీద టంకం పెట్టిన రెండు చిన్న బ్యాటరీలు కారి, రాగి గీతలను పచ్చగా తినేశాయి. దూరం చూపే మీటరులో కందిగింజ కన్నా చిన్న ప్లాస్టిక్ పళ్లచక్రం ముట్టుకోగానే పొడి అయింది. ఈ రెండూ ఈ-30లలో మామూలే గనుక, ఇకపై పాత మీటర్ల పెట్టె అమ్మేటప్పుడు విప్పి లోపలి బోర్డు ఫొటో కూడా పంపుతాము.

చిన్న పొరపాట్లు మరికొన్ని ఉన్నాయి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రం జారినా రెండోదానికి బలం అందించే రకం) అని చెప్పి అమ్మిన ఒక డిఫరెన్షియల్ మామూలుదని తేలింది. ఎస్ 3.73 (ఎస్ అంటే లిమిటెడ్ స్లిప్, 3.73 గేరు నిష్పత్తి) అని ముద్రించిన రేకు దాని మీద ఉంది నిజమే, కానీ ఆ రేకును ఎవరో మార్చి పెట్టారు. రేకును నమ్మడం మానేశాము. ఇప్పుడు సుద్దతో గీత పెట్టి, బయటి ఫ్లాంజీలు రెండింటినీ ఒకే దిశలో ఒక్క చుట్టు తిప్పి, ముందు ఫ్లాంజీ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తాము. ఒక ఫ్లాంజీని ఒకవైపు తిప్పినప్పుడు రెండోది ఎటు తిరుగుతుందో కూడా రాస్తాము, లిమిటెడ్ స్లిప్ అవునో కాదో దానితోనే తెలుస్తుంది. అలాగే 1995 నుంచి వచ్చిన ఇమ్మొబిలైజర్ (సొంత తాళం లేనిదే ఇంజిన్‌ను నడవనివ్వని ఏర్పాటు) ఉన్న బండ్ల ఇంజిన్ కంప్యూటర్‌ను విడిగా అమ్మము. దాని జత మాడ్యూలు, తాళం లేకుండా ఆ పెట్టె బిగిస్తే స్టార్టరు తిరుగుతుందేమో గానీ ఇంజిన్ అందుకోదు. చక్రాల విషయంలో ఒక్క మాట: ఈ-36, ఈ-46 చక్రాల నడిమి రంధ్రం 72.6 మి.మీ., ఈ-39ది 74.1 మి.మీ. బోల్టుల వరుస రెండింటికీ ఒక్కటే కావడంతో సరిపోతాయనుకొని కొని తిరిగి పంపినవారు ముగ్గురున్నారు. ఈ-39 చక్రాన్ని ఈ-46కు రింగు వేసి బిగించవచ్చు, ఈ-46 చక్రం ఈ-39 హబ్బు మీద కూర్చోదు.

మార్పులు చేయించుకోవాలనుకునేవారికి మా అభిప్రాయం కొంత రుచించకపోవచ్చు. ఎం-52కు ఎం-50 ఇన్‌టేక్ మానిఫోల్డు వేయమని అడిగేవారు ఎక్కువ. దాని గొట్టాలు వెడల్పు గనుక ఎక్కువ ఆర్‌పీఎం వద్ద బలం పెరుగుతుంది, తక్కువ ఆర్‌పీఎం వద్ద లాగుడు తగ్గుతుంది, ట్యూనింగు మార్చకపోతే దాని ప్రయోజనం సగమే దక్కుతుంది. రోజూ తిరిగే బండికి అది మాకు నచ్చిన మార్పు కాదు. అదే డబ్బుతో వానోస్ (వాల్వులు తెరుచుకునే సమయాన్ని సర్దే భాగం)లోని గట్టిపడిన సీళ్లు మార్పించుకుంటే మొదట్లో ఉన్న లాగుడే తిరిగి వస్తుంది. ఈ-30కి ఈ-36 స్టీరింగు ర్యాకు వేయడం మాత్రం మనస్ఫూర్తిగా చేసే పని, ఎందుకంటే మలుపుల్లో స్టీరింగును అన్ని చుట్లు తిప్పవలసిన అవస్థ తప్పుతుంది. ఎం-20 ఇంజిన్ పెట్టించుకునేవారికి షరతు ఒక్కటే: టైమింగ్ బెల్టు, టెన్షనరు కొత్తవి వేయకుండా ఇంజిన్ బయటికి పంపము. ఆ బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగులుతాయి.

వచ్చే నెల విప్పబోయేది ఒక ఈ-39. తలుపులు, ముందు సీట్లు, గేరుబాక్సు, వెనుక డిఫరెన్షియల్ బాగున్నాయి. హెడ్ సంగతి తొట్టిలో ముంచిన తరువాత చెబుతాము. కావలసినవారు చాసిస్ నంబరులోని చివరి ఏడు అక్షరాలు, పాత భాగం మీద ఉండే పదకొండు అంకెల నంబరు, ఒక ఫొటో పంపండి. ఆ బండి మీటర్ల పెట్టెలో రిబ్బన్ తీగ అతుకు వదిలి అక్షరాలు సగం చెరిగిపోయాయి గనుక, దాన్ని అడిగేవారు రిపేరు చేయించుకునే ఉద్దేశంతోనే అడగాలని మనవి.