దారం ఎక్కడ తెగుతుంది?

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఈ నెలలో మీ ఇంట్లో క్యారమ్ బిళ్లలు, పాత పేకముక్కలు, కుట్టు దారపు ఉండలు, స్టీలు గ్లాసులు కనబడకుండా పోయి ఉంటే ఆ నేరం మాదే. తొమ్మిదో తరగతి గదిలో అన్నీ క్షేమంగా ఉన్నాయి, ఒక్క గాజు గ్లాసు తప్ప. దాని ఖరీదు పాఠశాల ఇస్తుంది. పిల్లవాణ్ని ఏమీ అనకండి.

గమన నియమాల పాఠం మొదలైన రోజు నేను ఆ తరగతికి వెళ్లి, జడత్వం అంటే ఏమిటని అడిగాను. నిశ్చల స్థితిలో గానీ, సమవేగంతో సరళరేఖలో సాగే స్థితిలో గానీ మార్పును వ్యతిరేకించే ధర్మమని గడగడా అప్పజెప్పారు. ట్యూషన్లో ముందే అయిపోయిందట. సరే, సిటీ బస్సు బయలుదేరగానే నిలబడ్డవాళ్లను వెనక్కి నెట్టేది ఏది అంటే, సగం మంది ‘జడత్వ బలం’ అన్నారు. కొందరు గాలి అన్నారు. నిజానికి ఎవరూ నెట్టరు. బస్సు మన పాదాలను ముందుకు తీసుకుపోతుంది, పై శరీరం ఉన్నచోటే ఉండబోతుంది, అంతే. నిర్వచనం నోటికి వచ్చింది గానీ విషయం చేతికి అందలేదు. ఇరవై ఏళ్లు అదే నిర్వచనం రాయించి మార్కులు వేసిన నాకు పిల్లలను తప్పుపట్టే హక్కు లేదు.

అందుకే భౌతికశాస్త్రం ఉపాధ్యాయులు, నేను కూర్చుని పాఠాన్ని తలకిందులు చేశాం. మొదట ప్రతి ఒక్కరూ తన అంచనాను నోటు పుస్తకంలో రాయాలి. తర్వాత ప్రయోగం. నిర్వచనం ఆఖరున. రాసిన అంచనాను రబ్బరుతో చెరపకూడదు.

అన్నిటికంటే తగాదా రేపింది దారం. అరకిలో తూకం రాయిని కిటికీ చువ్వకు కుట్టు దారంతో వేలాడదీశాం. రాయి అడుగున అదే దారం మరో ముక్క కట్టాం. నేల మీద ఇసుక పళ్లెం. కింది ముక్కను లాగితే ఏది తెగుతుంది? చేయి పడుతున్నది కిందే కాబట్టి కిందిదే తెగుతుందని ఎక్కువమంది రాశారు. ఒక అమ్మాయి మెల్లగా, బలం పెంచుతూ లాగింది. పైది తెగి రాయి ఇసుకలో పడింది. చేతి లాగుడుతో పాటు రాయి బరువును కూడా మోసేది పై దారమే కదా. ఓడినవాళ్లు తేరుకునేలోగా కొత్త దారం కట్టించి, ఈసారి ఒక్కసారిగా గుంజమన్నాం. కింది ముక్క పుటుక్కున తెగింది, రాయి చెక్కుచెదరలేదు. పక్క తరగతి వాళ్లు వచ్చి చూసేంత గోల! కారణం వెనక బల్లనుంచి వచ్చింది: “రాయికి బద్ధకం టీచర్, అది కదిలి పై దారాన్ని లాగేలోగా కిందిది తెగిపోయింది.”

ఆ పిల్లవాడికి తెలియదు గానీ, ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఈ జడత్వానికి వాడిన లాటిన్ మాట ‘ఇనర్షియా’కు అసలు అర్థం సోమరితనమే. కెప్లర్ దృష్టిలో అది కదలని బద్ధకం మాత్రమే. కదిలేది దానంతట అది ఆగదు అన్న రెండో సగాన్ని కూడా కలిపి 1687లో నియమంగా నిలబెట్టినవాడు న్యూటన్. పిల్లలకు కష్టమయ్యేది ఆ రెండో సగమే. దొర్లించిన గోళీ ఆగిపోవడం సహజమనే అనుకుంటారు. అరిస్టాటిల్ కూడా దాదాపు అలాగే అనుకున్నాడు కనుక సిగ్గుపడాల్సిందేమీ లేదు. క్యారమ్ బోర్డు మీద పౌడరు చల్లకుండా ఒకసారి, చల్లి ఒకసారి బిళ్లను కొట్టించాక, ఆపుతున్నది ఘర్షణేనని వాళ్లే తేల్చుకున్నారు.

తిప్పి ఆపి వదిలితే పచ్చిగుడ్డు మళ్లీ తిరగడం, ఉడికిన గుడ్డు ఊరుకోవడం కూడా చూశారు. గుడ్డు ముట్టని ఇళ్ల పిల్లలకు నీళ్ల గిన్నెలో పూరేకు వేసి ఇచ్చాం. గిన్నెను తిప్పితే రేకు మొదట కదలదు. నాకైతే గుడ్డుకంటే ఇదే అందంగా అనిపించింది.

ఇంటిపని ఒకటి ఉంది. సగం నీళ్లున్న సీసాను బస్సులోనో మెట్రోలోనో అడ్డంగా పట్టుకుని, బయలుదేరినప్పుడు, ఆగినప్పుడు నీళ్లు ఎటు ఎగబాకాయో రాసుకురావాలి. డ్రైవరు దగ్గర నిలబడవద్దని మీరు కూడా చెప్పండి.

ఇక నాకు నచ్చని సంగతి. ఉదయం గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న తల్లిదండ్రుల వెనక ఉత్త తలలతో దిగే పిల్లలు చాలామంది. నాలుగేళ్లు దాటిన ప్రతివారికీ హెల్మెట్ ఉండాలన్నది చట్టం. పిల్లలు తరగతిలో లెక్క కట్టారు. గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. ఆరు మీటర్లకు పైగా ఎత్తునుంచి, అంటే రెండంతస్తుల మేడ మీదనుంచి పడితే నేలను తాకే వేగం అది. బండి ఆగినా వెనక కూర్చున్న పిల్ల ఆగదు. సోమవారం నుంచి గేటు దగ్గర నేనే నిలబడతాను.

శనివారం మధ్యాహ్నం మూడింటికి ప్రయోగశాల మీకోసం తెరిచి ఉంటుంది. రాయి, దారం సిద్ధంగా ఉంటాయి. లాగబోయే ముందు మీరు కూడా అంచనా రాసి సంతకం చేయాలట, రబ్బరు ఇవ్వరట. ఈ షరతు పిల్లలది.

మీ ప్రధానోపాధ్యాయురాలు
హైదరాబాద్