వార్షిక నివేదిక: ఆఖరి గది దాకా చేరాల్సిన డబ్బు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది వైద్య శిబిరాలు తగ్గిద్దామని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాం. వాటి బదులు, ప్రభుత్వ వైద్యానికి డబ్బు ఎక్కడి నుంచి వస్తోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది కూర్చుని చదవాలని, చదివినదాన్ని పట్టుకుని అడగాల్సిన చోట అడగాలని అనుకున్నాం. శిబిరాలు మానడం కొందరికి కష్టమనిపించింది. ఆ బాధ నాకూ ఉంది. కానీ శిబిరంలో ఒక మనిషికి రక్తపోటు ఉందని చెప్పి పంపించేస్తే, మరునాటి నుంచి మాత్రలు ఎవరిస్తారన్న ప్రశ్నకు మన దగ్గర ఏనాడూ జవాబు లేదు.

పని మొదలుపెట్టిన తొలి నెలలోనే ఆ ప్రశ్న మళ్లీ ఎదురైంది. ఆ రోజు మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందులు నిండుకున్నాయి. ఒక వృద్ధురాలు చీటీ పట్టుకుని బయటి మందుల దుకాణానికి వెళ్లారు. చీటీలో నాలుగు మందులున్నాయి. దాన్ని బల్ల మీద పెట్టి, "వీటిలో ముందు ఏది వేసుకోవాలి నాయనా?" అని అడిగారు. దుకాణంలోని అబ్బాయి కాసేపు తటపటాయించి రెండు పేర్ల మీద వేలు పెట్టాడు. మాత్రల షీటును కత్తెరతో సగానికి కత్తిరించి ఇచ్చాడు. ఏ జబ్బుకు వైద్యం అందాలో, ఏది ఆగాలో ఆ నిమిషాన ఆమె చేతిలో ఉన్న డబ్బే తేల్చేసింది. మన సభ్యులు ఇద్దరు పక్కనే నిలబడి చూశారు. ఈ ఏడాది మనం ఏం చదివినా, ఎవరిని ఏం అడిగినా ఆ కత్తెర చప్పుడు దాటి పోలేకపోయాం.

అందుకే అధ్యయన సమావేశాల్లో మొదట తీసుకున్నది రోగి దగ్గర వసూలు చేసే రుసుముల సంగతి. 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా అటా నగరంలో ప్రపంచ దేశాలు ఆరోగ్యం అందరి హక్కని, దానికి దారి ప్రాథమిక వైద్యమేనని ప్రకటించాయి. పదేళ్లు తిరగకుండానే, అప్పుల్లో కూరుకుపోయిన ప్రభుత్వాలు వైద్యానికి కొంత రోగే ఇచ్చుకోవాలన్న దారి పట్టాయి. 1987లో ఆఫ్రికా దేశాల ఆరోగ్య మంత్రులు మాలి రాజధాని బమాకోలో ఒప్పుకున్న కార్యక్రమం ఉద్దేశం మంచిదే. మందులు అమ్మగా వచ్చిన డబ్బుతో మళ్లీ మందులు కొని, కేంద్రాల్లో నిల్వ ఎప్పుడూ ఉండేలా చూడాలని. తీరా ఆ డబ్బు కూడా లేనివారు గడప తొక్కడమే మానేశారు. ఉగాండా 2001లో ప్రభుత్వ కేంద్రాల్లో రుసుములు ఎత్తివేసింది. ఒక్కసారిగా జనం వచ్చారు, అందులోనూ పేదలు ఎక్కువగా వచ్చారు. కెన్యాలో ఒక అధ్యయనం కోసం గర్భిణులకు దోమతెరలు ఉచితంగా ఇచ్చిన చోట తీసుకున్నారు. నామమాత్రపు ధర పెట్టిన చోట తీసుకునేవారు సగానికి పైగా తగ్గిపోయారు. ఊరికే ఇస్తే విలువ తెలియదన్న మాట మన సమావేశాల్లోనూ వినిపించింది. ఈ లెక్కలు చూశాక ఆ మాట అన్నవారే దాన్ని వెనక్కి తీసుకున్నారు. వారి నిజాయితీకి నా నమస్కారం.

అయితే ఉగాండా అనుభవంలో రెండో సగం కూడా ఉంది. రుసుము తీసేసిన తొలినాళ్లలో రద్దీకి తగ్గ మందులు లేక కేంద్రాలు ఇబ్బంది పడ్డాయి. రోగి జేబు మూసినప్పుడు మరో చోట నుంచి డబ్బుకు దారి తెరవాలి. ఆ మరో చోటు ఏదన్నదే అసలు చర్చ.

మన చదువులో ఎక్కువ కాలం గడిపింది థాయ్‌లాండ్ దగ్గర. 2002లో ఆ దేశం జాతీయ ఆరోగ్య భద్రత చట్టం తెచ్చి, సాధారణ పన్నుల డబ్బుతో అప్పటిదాకా ఏ పథకంలోనూ లేని ప్రజలందరినీ వైద్య రక్షణ కిందకు తెచ్చింది. వైద్యానికి వెళ్లిన ప్రతిసారీ అక్కడి డబ్బులో 30 బాత్‌లు కడితే చాలన్నారు. దీని వెనుక గ్రామీణ వైద్యుడిగా పనిచేసిన సంగ్వాన్ నిత్యారంఫోంగ్ పట్టుదల ఉంది. ప్రపంచమంతా చెప్పుకునేది ఈ 2002 ముచ్చటే. నాకు మాత్రం అంతకు ముందు జరిగినదే గొప్పగా తోచింది. 1972 నుంచే కొత్త వైద్యులు మూడేళ్లు ప్రభుత్వ సేవ, అదీ ఎక్కువగా పల్లెల్లో, చేయాలన్న నిబంధన అక్కడ ఉంది. 1980లలో పెద్ద ఆసుపత్రుల కొత్త కట్టడాలకు నిధులు ఆపి, ఆ డబ్బును జిల్లా ఆసుపత్రులకు, పల్లె కేంద్రాలకు మళ్లించారు. పెద్ద ఊళ్ల కోపాన్ని తట్టుకుని అంత పని చేశారు. చేతికి హక్కు పత్రం వచ్చేసరికి, దాన్ని పట్టుకుని వెళ్లడానికి దగ్గరలో ఒక ఆసుపత్రి, అందులో ఒక డాక్టరు ఉన్నారు. కార్డులు ముందు పంచి కేంద్రాలు తరువాత కడదామనుకునే ప్రభుత్వాలు ఈ వరుసను ఒకసారి చూడాలి.

బీమా కార్డుల మీద మన మధ్య గట్టి వాదనే నడిచింది. ఆసుపత్రిలో చేరితేనే పనికొచ్చే బీమా పెద్ద ఆపరేషన్ వచ్చిన కుటుంబాన్ని కాపాడుతుంది, కాదనను. కానీ ఆ వృద్ధురాలికి కావాల్సింది నెలనెలా మాత్రలు. అవి అందక పక్షవాతం వస్తే అప్పుడు కార్డు పనిచేస్తుంది. ఈ పద్ధతి మంచిదని నేను ఒప్పుకోలేను. సంఘం తరఫున ఇచ్చిన వినతిపత్రంలోనూ ఇదే రాశాం.

డబ్బు పుట్టే చోట్ల గురించి క్లుప్తంగా. ఘనా 2003 చట్టంతో ఆరోగ్య బీమా కోసం సరుకులు, సేవల మీద 2.5 శాతం ప్రత్యేక సుంకం పెట్టింది. ఫిలిప్పీన్స్ 2012లో పొగాకు, మద్యం మీద పన్ను పెంచి, అదనంగా వచ్చినదాంట్లో ఎక్కువ భాగం ఆరోగ్యానికి కేటాయించింది. ఆఫ్రికా దేశాధినేతలు 2001లో నైజీరియా రాజధాని అబూజాలో బడ్జెట్‌లో 15 శాతం ఆరోగ్యానికి ఇస్తామని మాట ఇచ్చారు. నిలబెట్టుకున్న దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయం ఆపేయగానే ఎన్నో దేశాల్లో హెచ్ఐవీ, క్షయ చికిత్సలు తడబడ్డాయి. దాత మనసు మారితే ఆగిపోయే మందు మీద ప్రాణాలు నిలబెట్టడం ఎంత ప్రమాదమో ఆ ఏడాది అందరికీ తెలిసివచ్చింది.

ఇక మన ఆరోగ్య కేంద్రంలోని ఫ్రిజ్ సంగతి. ఏడాదిలో మనం ఎక్కువగా తిరిగింది దీనికోసమే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. అక్కడి సిస్టర్ ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి డిగ్రీలు చూసి రిజిస్టరులో రాస్తారు. ఆ పుస్తకం ఆమె మాకు చూపించారు. ఎక్కడా కొట్టివేత లేదు, ఒక్క పూట ఖాళీ లేదు. ఒక సీసా తీసి, "ఈ గుర్తు చూడండమ్మా" అన్నారు. చిన్న వృత్తం, మధ్యలో తెల్లటి చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం ముదురుతుంది. చుట్టూ ఉన్న వృత్తం రంగుకు చేరిందంటే ఆ సీసా పారేయాల్సిందే. 1996లో పోలియో చుక్కల సీసాలతో వాడకంలోకి వచ్చిన గుర్తు ఇది. ఆ రోజు పెట్టెలో పక్కకు తీసిన సీసాలు చాలానే ఉన్నాయి. కారణం స్టెబిలైజర్ కాలిపోవడం. కొత్త ఫ్రిజ్ కావాలంటే కొనుగోలుకు పద్దు ఉంది. స్టెబిలైజర్ బాగుచేయించడానికి పద్దు లేదు! దానికోసం పెట్టిన అర్జీ పైఅధికారుల కార్యాలయానికి వెళ్లి నెలల తరబడి తిరిగి రాలేదు.

మన సభ్యులు చందాలు వేసుకుని దాన్ని బాగుచేయించారు. మంచి పనే, పిల్లలకు టీకాలు ఆగలేదు. అయినా కార్యవర్గంలో ఒక ప్రశ్న మిగిలింది: ప్రతిసారీ మనమే కడుతూ పోతే పద్దు ఎప్పటికి పుడుతుంది? పేద దేశాల ఆసుపత్రుల్లో దాదాపు 40 శాతం పరికరాలు పనిచేయడం లేదని 2011లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. ఆరోగ్యానికి పెట్టే ఖర్చులో 20 నుంచి 40 శాతం వృథా అవుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 నివేదిక అంచనా వేసింది. ఈ వృథా అంతా దొంగతనం కాదు. మన దగ్గర మనం చూసింది ఇలాంటి లేని పద్దులు, ఏడాది చివర్లో వచ్చి ఖర్చు కాకుండానే వెనక్కి పోయే నిధులు. అందుకే మన వినతిపత్రం రెండే కోరింది: మరమ్మతులకు కొంత మొత్తం ఆరోగ్య కేంద్రం చేతిలోనే ఉంచాలి, నిధుల తొలి విడత ఏడాది మొదటి నెలల్లోనే విడుదల కావాలి. వినతి అందినట్టు రసీదు వచ్చింది. నిర్ణయం రాలేదు.

సిబ్బంది విషయంలో మనం చేయగలిగింది తక్కువ. ఇథియోపియా 2003లో మొదలుపెట్టి 30,000 మందికి పైగా మహిళలకు ఏడాది శిక్షణ ఇచ్చి, ప్రభుత్వ జీతంతో సొంత ప్రాంతాల్లో నియమించిన అనుభవాన్ని ఒక సమావేశంలో చర్చించాం. జీతం అన్న మాటను గుర్తుపెట్టుకోవాలి. సేవాభావం పేరు చెప్పి ఆడవాళ్ల చేత ఊరికే పనిచేయించుకోవడం అన్యాయం. కేంద్రంలో రెండో నర్సు పోస్టు ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

చేయలేకపోయిన పనులూ ఉన్నాయి. మందుల నిల్వను నెలనెలా నమోదు చేద్దామనుకుని మూడో నెలకే ఆపేశాం. వెళ్లే బాధ్యత ఒకరిద్దరి మీదే పడటమే కారణం, ఆ తప్పు కార్యదర్శిగా నాది. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. స్టెబిలైజర్ చందాలు అందులో వేరుగా చూపించాం.

రాబోయే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన ఒక్కటే. ఎప్పుడూ ఉండాల్సిన పది మందుల పేర్లు సిస్టర్ మనకు రాసి ఇచ్చారు. రక్తపోటు మాత్ర అందులో మొదటిది. ప్రతి నెలా ఇద్దరేసి సభ్యులు వంతులవారీగా వెళ్లి ఏది ఉందో, ఏది లేదో రాసుకుని రావాలి. వంతుల పట్టిక సమావేశం బల్ల మీద ఉంటుంది. దయచేసి మీ పేరు, మీకు వీలైన నెల రాసి వెళ్లండి.

కార్యదర్శి