వార్షిక నివేదిక: కాగితాల భారం, కస్టమర్ల షరతుల మీద ఈ ఏడాది మన సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి వచ్చిన అందరికీ నమస్కారం.

నియమావళి ప్రకారం ఏడాది పనిని సభ ముందుంచడం కార్యదర్శి బాధ్యత. కస్టమర్ల డ్రాయింగ్ ప్రకారం లోహపు పార్టులు చేసిచ్చే చిన్న మెషిన్ షాపుల వాళ్లం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో సభ్యులకు మళ్లీ చెప్పక్కర్లేదు కనుక నేరుగా విషయంలోకి వస్తున్నాను. గత సమావేశంలో ఎక్కువమంది లేవనెత్తిన సమస్య ఒక్కటే. మెషిన్ మీద గంటలో అయిపోయే జాబ్‌కి కాగితాలు సిద్ధం చేయడానికి రోజు పడుతోంది. నలుగురైదుగురు పనిచేసే షాపులో ఆ కాగితాలు రాసేది కూడా మెషిన్ దగ్గర ఉండాల్సిన మనిషే. అందుకని కార్యవర్గం ఈ ఏడాది మిగతావన్నీ పక్కనబెట్టి దీని మీదే కూర్చుంది.

కార్యశాల

ఈ ఏడాది చేసిన పనుల్లో గర్వంగా చెప్పుకోదగ్గది ఒక్క రోజు కార్యశాల. ఉపన్యాసాలు పెట్టలేదు. బయట థ్రెడ్ ఉండి, మొత్తం ప్లేటింగ్ (పల్చటి లోహపు పూత) చేయాల్సిన స్టీలు బుష్, అంటే మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం లాంటి పార్టు, దాని డ్రాయింగ్ ఒకటి తీసుకుని, ప్రతి బల్ల మీదా అదే పెట్టి, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా దానికి ఫస్ట్ ఆర్టికల్ ఫైలు, అంటే మొదట చేసిన పార్టుని డ్రాయింగ్‌లోని ప్రతి అంశంతో సరిచూసి రాసే ఫైలు, తయారు చేయించాం.

ముందు డ్రాయింగ్ మీద బెలూన్లు, అంటే ప్రతి అంశం పక్కనా నంబరుతో చిన్న సున్నాలు, వేయమన్నాం. దాదాపు అన్ని బల్లల దగ్గరా కొలతలకే నంబర్లు పడ్డాయి, నోట్స్ మిగిలిపోయాయి. పదునైన అంచులు తీసేయాలన్న నోటు, సర్ఫేస్ ఫినిష్ గుర్తు, ప్లేటింగ్ మందం, టైటిల్ బ్లాకులో రాసి ఉండే జనరల్ టాలరెన్స్ (కొలతల్లో అనుమతించే తేడా), ఇవన్నీ కస్టమర్ అడిగినవే. ప్రతిదానికీ ఒక నంబరు, రిపోర్టులో ఒక వరుస ఉండాలి. విమాన పరిశ్రమలో ఫస్ట్ ఆర్టికల్‌కి వాడే ఏఎస్ 9102 పద్ధతిలో మూడు ఫారాలుంటాయి. ఒకటోది పార్టు వివరం. రెండోది మెటీరియల్, హీట్ ట్రీట్‌మెంట్, ప్లేటింగ్ లాంటి వాటి సర్టిఫికెట్ల లెక్క. మూడోది కొలతలది. చాలామంది మూడోదే ఫైలు అనుకుంటారు. ఫైలు వెనక్కి వచ్చేది మాత్రం రెండోదాని దగ్గరే.

ఆ బుష్‌లో అసలు చిక్కు మధ్యాహ్నం బయటపడింది. బోర్ (లోపలి రంధ్రం) కొలత 12 హెచ్7, అంటే 12.000 నుంచి 12.018 మిల్లీమీటర్లు. ప్లేటింగ్ 8 నుంచి 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). కొలతలన్నీ ప్లేటింగ్ తర్వాతివి అని కింద చిన్న అక్షరాల్లో నోటు. ప్లేటింగ్ బోర్ గోడకి రెండు వైపులా పేరుకుంటుంది కాబట్టి బోర్ 16 నుంచి 24 మైక్రాన్లు తగ్గుతుంది. అంటే ప్లేటింగ్‌కి పంపే ముందు బోర్ 12.024 కంటే తక్కువ ఉండకూడదు, 12.034 దాటకూడదు. డ్రాయింగ్ మీద కనబడే 18 మైక్రాన్ల వెసులుబాటు లేత్ దగ్గరికి వచ్చేసరికి 10 మైక్రాన్లే మిగిలింది. షాపులో ఉన్న మామూలు హెచ్7 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే పనిముట్టు) వేసి పంపితే ప్లేటింగ్ తర్వాత మొత్తం లాట్ అండర్‌సైజే. థ్రెడ్ సంగతి ఇంకా కష్టం. 60 డిగ్రీల థ్రెడ్‌లో పిచ్ డయామీటర్ (మర పళ్ల మధ్య ఎత్తు దగ్గర వ్యాసం) ప్లేటింగ్ మందానికి నాలుగు రెట్లు పెరుగుతుంది. ఇక్కడ 32 నుంచి 48 మైక్రాన్లు. ముందే తగ్గించి కోయకపోతే గో గేజ్ (థ్రెడ్ సరిపోయిందో లేదో ఎక్కించి చూసే గేజ్) ఎక్కదు.

ఇది కోటేషన్ ఇచ్చే ముందు రాసి అడగాల్సిన ప్రశ్న: బోర్‌ని మాస్క్ చేయవచ్చా (ప్లేటింగ్ పడకుండా మూయవచ్చా), థ్రెడ్‌కి ప్లేటింగ్ ముందు కొలతలే వర్తిస్తాయా? ఆర్డర్ ఒప్పుకున్నాక అడిగితే అది మన తప్పు కిందికి వస్తుంది. కార్యశాలలో అందరికీ తలకెక్కిన విషయం ఇదే. కాగితం పని మొదలవ్వాల్సింది మాల్ పంపే రోజు కాదు, కోటేషన్ రాసే రోజు.

మెటీరియల్ సర్టిఫికెట్లు, హీట్ నంబర్లు

ఈ విషయం మీద జరిపిన శిక్షణ తరగతికి వచ్చినవాళ్లు తక్కువ, కానీ ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. కస్టమర్ ఈఎన్ 10204 (లోహాల తనిఖీ సర్టిఫికెట్ల యూరప్ ప్రమాణం) ప్రకారం 3.1 సర్టిఫికెట్ అడిగితే 2.2 సరిపోదు. 2.2లో ఇచ్చే ఫలితాలు మీకొచ్చిన ఆ సరుకు మీద చేసిన పరీక్షవే కానక్కర్లేదు. 3.1లో మీకు పంపిన సరుకు మీదే పరీక్ష జరగాలి, ఉత్పత్తి విభాగంతో సంబంధం లేని తనిఖీ ప్రతినిధి సంతకం చేయాలి. కాబట్టి రాడ్ కొనేటప్పుడే మన పీఓ (పర్చేజ్ ఆర్డర్) మీద 3.1 కావాలని రాయాలి. రాడ్ వచ్చి, కోసి, పార్టులయ్యాక అడిగితే డీలర్ దగ్గర ఇవ్వడానికి ఏమీ ఉండదు.

సర్టిఫికెట్ చేతికొచ్చినా గొలుసు షాపులోనే తెగిపోతోంది. రాడ్ కొనమీద రంగు వేసి, హీట్ నంబర్ (ఆ లోహాన్ని కరిగించిన విడత నంబరు) రాసి వస్తుంది. హాక్‌సా మీద మొదటి ముక్క కోసేది ఆ కొననుంచే. ముక్క పార్టయిపోతుంది, మిగిలిన రాడ్‌కి గుర్తుండదు. నెల తర్వాత అదే రాడ్ ఇంకో ఆర్డర్‌కి వాడితే దానికి ఏ సర్టిఫికెట్ జతచేయాలో ఎవరూ చెప్పలేరు. అందుకని గుర్తు లేని కొన నుంచి కోయాలి. లేదా ముందు మిగిలే ముక్క మీద హీట్ నంబర్ పంచ్ కొట్టి, ఆ తర్వాతే కోయాలి. జాబ్ వెంట తిరిగే ట్రావెలర్ కార్డు మీద అదే నంబరు, రాక్ మీద అదే నంబరు ఉండాలి. దీనికి ఖర్చేమీ లేదు, పంచ్ సెట్టు, మార్కర్ చాలు.

కస్టమర్ల కొత్త షరతులు

సభ్యులు పంపిన పర్చేజ్ ఆర్డర్లను ఉపసంఘం చదివింది. పేరు తెలియకుండా పంపమన్నాం, అందరూ అలాగే పంపారు, ధన్యవాదాలు. ఆర్డర్ రెండు పేజీలే కానీ, కింద ఒక లైన్‌లో తమ వెబ్‌సైట్‌లో ఉన్న షరతులన్నీ వర్తిస్తాయని ఉంటుంది. అసలు బరువంతా ఆ షరతుల్లోనే. మనం చూసినవి: డబ్బు చెల్లించే గడువు, రికార్డులు ఎన్నేళ్లు దాచాలన్నది, కస్టమర్ ఎప్పుడైనా షాపుకొచ్చి తనిఖీ చేసుకునే హక్కు, మెషిన్‌ని గానీ స్థలాన్ని గానీ ప్లేటింగ్ చేసేవాళ్లని గానీ మార్చే ముందు రాతపూర్వక అనుమతి. ఈ చివరిది తెలియక సంతకం పెట్టి, మామూలుగా ప్లేటింగ్ షాపు మార్చినవాళ్ల మాల్ వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. పార్టు బాగానే ఉంది, అనుమతి లేదు.

డ్రాయింగ్ రివిజన్‌కీ పీఓ మీది రివిజన్‌కీ తేడా ఉందేమో చూడకుండా పని మొదలుపెట్టడం ఇంకో తప్పు. పీఓ మీద సి, వచ్చిన డ్రాయింగ్ బి అయితే పని మొదలుపెట్టకండి, మెయిల్ రాయండి. ఫోన్‌లో చెప్పింది తర్వాత ఎవరికీ గుర్తుండదు.

పీపాప్ (ఉత్పత్తికి ముందు పార్టుకి కస్టమర్ ఆమోదం కోసం పంపే ఫైలు) అడిగినప్పుడు ఏ లెవెల్ అని అడగని సభ్యులు చాలామంది ఉన్నారు. మొత్తం 18 అంశాలు, 5 లెవెల్స్. ఏదీ చెప్పకపోతే లెవెల్ 3 అనే లెక్క. లెవెల్ 1 అయితే కస్టమర్‌కి పంపేది వారెంట్ (పార్టు షరతులకు సరిపోయిందని సంతకం చేసిచ్చే పత్రం) ఒక్కటే. అడిగితే కొందరు తగ్గిస్తారు. అడగకపోతే తగ్గించరు. లెవెల్ 3లో ఫైలు తిరిగొచ్చే మామూలు కారణం అంకెలు కలవకపోవడం. ప్రాసెస్ ఫ్లోలో డ్రిల్లింగ్ ఆపరేషన్ 30, కంట్రోల్ ప్లాన్‌లో (ఏ దశలో ఏం తనిఖీ చేయాలో రాసేది) అదే 40, ఎఫ్ఎంఈఏలో (ఎక్కడ ఏం తప్పు జరగవచ్చో ముందే రాసే పట్టిక) అసలు లేదు. మూడూ వేరే వేరే రోజుల్లో పాత ఫైలు నుంచి కాపీ చేస్తే ఇలాగే అవుతుంది. ఫ్లో చార్ట్ ముందు ముగించి, మిగతా రెండూ దాని నుంచే దించండి.

సీపీకే సంగతి. మెషిన్ టాలరెన్స్ లోపల ఎంత నిలకడగా పార్టులు చేస్తుందో చెప్పే అంకె ఇది. ప్లస్ ఆర్ మైనస్ 0.05 టాలరెన్స్‌కి, సగటు సరిగ్గా మధ్యలో ఉన్నప్పుడు, సీపీకే 1.33 రావాలంటే స్టాండర్డ్ డీవియేషన్ 0.0125 దాటకూడదు. 1.67 కావాలంటే 0.010. మెషిన్‌లో 0.015 వస్తుంటే 1.11 కంటే రాదు, ఎన్నిసార్లు కొలిచినా. ఐదు పార్టుల ఆర్డర్‌కి సీపీకే అడిగితే అది కుదిరే పని కాదు, బదులుగా ప్రతి పార్టు కొలతలూ రాసిచ్చే 100 శాతం తనిఖీ రిపోర్టు ఇస్తామని రాయండి. ఆ ఉత్తరం నమూనా ఈ నివేదికతో జతపరిచాం. ఇలాంటి కోరికలన్నింటికీ కోటేషన్‌లో వేరే వరుస పెట్టి గంటలు లెక్కగట్టండి. పార్టు ధరలో కలిపేస్తే రెండో ఆర్డర్‌కి ఆ గంటలు ఎవరికీ కనబడవు.

ఇత్తడి పార్టుల డిక్లరేషన్లు

ఇది సభ్యులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఫ్రీ కటింగ్ ఇత్తడిలో సీసం మామూలుగా 2.5 నుంచి 3 శాతం దాకా ఉంటుంది. యూరప్ రోహ్స్ నిబంధనలో (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాల్లో ప్రమాదకర పదార్థాల మీద పరిమితి) సీసం పరిమితి 0.1 శాతం అయినా, రాగి మిశ్రమాల్లో 4 శాతం వరకు మినహాయింపు ఇచ్చారు. మినహాయింపులకు గడువు తేదీలుంటాయి, ప్రతిసారీ చూసుకోవాలి. అయితే అదే సీసాన్ని 2018 జూన్‌లో రీచ్ (యూరప్ రసాయనాల చట్టం) క్యాండిడేట్ జాబితాలో, అంటే తీవ్ర ఆందోళన కలిగించే పదార్థాల జాబితాలో, చేర్చారు. దాని ప్రకారం 0.1 శాతం దాటితే కస్టమర్‌కి తెలియజేయాలి. రోహ్స్‌లో ఫర్వాలేదు కదా అని రీచ్ ఫారంలో ఆ పదార్థాలేవీ లేవు అని సంతకం పెడితే అది అబద్ధపు డిక్లరేషన్ అవుతుంది. ఆ జాబితాకి మామూలుగా ఏడాదికి రెండుసార్లు కొత్త పేర్లు చేరుతుంటాయి. పాత ఫారాన్నే తేదీ మార్చి పంపడం మానండి.

8డీ రిపోర్టులు

రిజెక్షన్ వచ్చాక కారణం, దిద్దుబాటు వివరిస్తూ ఎనిమిది దశల్లో రాసే ఈ 8డీ రిపోర్టుల్లో మూల కారణం దగ్గర ఆపరేటర్ అజాగ్రత్త అనీ, దిద్దుబాటు దగ్గర మళ్లీ శిక్షణ ఇచ్చాం అనీ రాస్తున్నారు. కస్టమర్ దాన్ని తీసుకోడు, తీసుకోకపోవడమే సరి. పార్టు ఫిక్చర్‌లో (మెషిన్ మీద పార్టుని పట్టి ఉంచే అమరికలో) తిరగేసి పెట్టబట్టి హోల్ తప్పు వైపు పడిందనుకోండి. తిరగేసి పెట్టినా కూర్చునేలా ఫిక్చర్ ఉండటమే కారణం. ఒక పిన్ను పెడితే తిరగేసిన పార్టు కూర్చోదు. ఆ పిన్ను ఫొటో జతచేస్తే రిపోర్టు అక్కడితో ముగుస్తుంది.

గేజ్‌ల గురించి ఒక్క మాట. కాలిబ్రేషన్ గడువు అయిపోయిన మర్నాడు కొలిచిన మైక్రోమీటర్ నంబరు రిపోర్టులో కనబడితే ఆ ఫైలంతా అనుమానమే. గడువు తేదీల రిజిస్టర్ నమూనా తయారుచేసి సభ్యులకు పంచాం. గేజ్ ఆర్ అండ్ ఆర్ (మనిషి మారినా, మళ్లీ కొలిచినా కొలత ఎంత తేడా వస్తుందో చూసే పరీక్ష) తరగతి మాత్రం జరపలేకపోయాం. పది పార్టులు, ముగ్గురు మనుషులు, మూడేసి సార్లు కొలతలు కావాలి. ఆ ముగ్గురు కూడా దొరకలేదు.

చెప్పక తప్పనివి

ఫారాల ఉపసంఘానికి గత సమావేశంలో చాలామంది చేతులెత్తారు. మొదటి వారం తర్వాత ఇద్దరే మిగిలారు. అందరికీ పనుందని తెలుసు, ఆ ఇద్దరికీ పనుంది. రాత్రి షిఫ్టు అయ్యాక కూర్చుని కస్టమర్ల ప్రశ్నావళులు ఒక్కొక్కటీ చదివి, అన్నింటిలో పదే పదే వచ్చే ప్రశ్నలు విడదీసి, ఒకే జవాబు ఫైలు తయారు చేశారు. షాపు వివరాలు, మెషిన్ల జాబితా, సర్టిఫికెట్ల కాపీలు, రికార్డుల విధానం అన్నీ అందులో ఒకచోట ఉంటాయి. కొత్త ప్రశ్నావళి వచ్చినప్పుడు దాంట్లోంచి దించుకోవడమే. వారికి సంఘం రుణపడి ఉంది.

పెద్ద కొనుగోలుదారుల పర్చేజ్ విభాగాల వారిని ముఖాముఖికి రెండుసార్లు ఆహ్వానించాం. ఒకసారి జవాబు రాలేదు. రెండోసారి వస్తామని చెప్పి రాలేదు. హాలులో సభ్యులు పనిమానుకుని వచ్చి కూర్చున్నారు. ఒకే ప్రశ్నావళిని అందరు కొనుగోలుదారులూ ఒప్పుకుంటే చిన్న షాపులకి ఎంత సమయం మిగులుతుందో వాళ్ల ముందే చెప్పాలనుకున్నాం. ఆ ప్రతిపాదన రాతపూర్వకంగా పంపాం, మళ్లీ పంపుతాం.

ధన్యవాదాలు, లెక్కలు

కార్యశాలకి తన షాపు ఆవరణ ఇచ్చిన సభ్యుడికి, ప్లేటింగ్ గురించి ఓపిగ్గా వివరించిన ప్లేటింగ్ షాపు యజమానికి, మధ్యాహ్నమంతా గో గేజ్ చేతపట్టుకుని బల్ల బల్లకీ తిరిగిన యువ ఆపరేటర్లకి, కాగితాలు జిరాక్స్ తీసి, కుట్టి, పంచిన కార్యాలయ సిబ్బందికి, సలహాలిచ్చిన పూర్వ అధ్యక్షులకి, చందా సకాలంలో కట్టిన సభ్యులకి సంఘం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చులు ఆడిటర్ చూసి సంతకం చేశారు, అనుబంధంలో ఉన్నాయి. చందా బాకీల జాబితా కోశాధికారి దగ్గర ఉంది.

వచ్చే ఏడాది గేజ్ ఆర్ అండ్ ఆర్ తరగతి, ఎఫ్ఎంఈఏ రాయడం మీద మరో కార్యశాల జరపాలని కార్యవర్గం తీర్మానించింది. ఫారాల ఉపసంఘానికి కనీసం ఆరుగురు కావాలి. నెలకి ఒక సాయంత్రం కచ్చితంగా ఇవ్వగలిగినవాళ్లే ఈ సమావేశం ముగిసేలోగా వేదిక పక్కనున్న రిజిస్టర్‌లో పేరు, షాపు పేరు రాయండి. ఉపసంఘం మొదటి సమావేశం వచ్చే నెల మొదటి శనివారం సాయంత్రం సంఘం కార్యాలయంలో జరుగుతుంది. వచ్చేటప్పుడు మీకు ఈమధ్య వచ్చిన ప్రశ్నావళి ఒకటి, కస్టమర్ పేరు కొట్టేసి, వెంట తీసుకురండి.

కార్యదర్శి