సూది ఎక్కడ గుచ్చారన్నది అన్ని జబ్బులకీ ఒకటే లెక్క కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం అనుబంధంలో ఆక్యుపంక్చర్ మీద, అదే ఒంటి మీద కొన్ని పాయింట్లలో సన్నటి సూదులు గుచ్చే చైనా వైద్యం మీద, వచ్చిన వ్యాసం చదివాను. సరైన పాయింట్ దొరికితే చాలు ఏ నొప్పైనా పోతుంది అన్నట్టు రాశారు, అది చూసి ఉండబట్టలేక రాస్తున్నానండి.

మా అమ్మ నడుం నొప్పికి రెండు నెలలు ఒక క్లినిక్‌కి వెళ్ళింది. మొదట్లో మోకాలి వెనక మడతలో గుచ్చేవారు, దాన్ని చైనాలో వేయ్‌జోంగ్ అంటారు, నడుముకి దాన్నే పట్టుకోమని అక్కడ పాతకాలం పద్యం కూడా ఉంది. కాస్త తగ్గింది, కాదనను. తర్వాత స్పెషల్ పాయింట్లు అని ఫీజు డబుల్ చేశారు, అందులో ఒకటి మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ళ దూరంలో ఉండే జుసాన్లీ. ఆ నాలుగు వేళ్ళు పేషెంటువే అయ్యుండాలి, చైనా పద్ధతిలో కొలతంతా ఎవరి ఒంటికి వాళ్ళ వేళ్ళే, కానీ ఆ క్లినిక్ ఆయన తన లావుపాటి వేళ్ళు పెట్టి కొలిచాడు, మా అమ్మవి చిన్నపిల్ల చేతుల్లా ఉంటాయి.

ఇంతకీ నడుం నొప్పికి పాయింట్ అంత ముఖ్యమా? జర్మనీలో 1162 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ 2007లో వచ్చింది, అసలు పాయింట్లలో గుచ్చితే దాదాపు 48 శాతం మందికి మెరుగైంది, పాయింట్ కాని చోట పైపైన గుచ్చినా 44 శాతం, మందులూ ఫిజియోథెరపీతో 27 శాతమే. అంటే ఏదో మేలు జరుగుతోంది కానీ అది ఆ చోటు మహిమ అని చెప్పలేం, మరి స్పెషల్ పాయింట్‌కి స్పెషల్ రేటు ఎందుకండీ?

అలాగని చోటు అసలు లెక్కలోది కాదనీ అనను. మణికట్టు గీత నుంచి మన మూడు వేళ్ళు పైకి, పిడికిలి బిగిస్తే తాళ్ళలా తేలే రెండు టెండన్ల (కండని ఎముకకి కలిపే తాళ్ళ) మధ్య నెయ్‌గ్వాన్ అనే పాయింట్ ఉంటుంది, ఆపరేషన్ తర్వాత వచ్చే వాంతులకి ఆ చోట నొక్కినా గుచ్చినా ఉత్తుత్తి ట్రీట్‌మెంట్ కన్నా మేలని చాలా ట్రయల్స్‌లో తేలింది. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రయోగంలో ఎలుకలకి జుసాన్లీ దగ్గర సన్నగా కరెంట్ ఇస్తే ఒంట్లో వాపు తగ్గింది, పొట్ట మీద పాయింట్‌లో ఇస్తే తగ్గలేదు, ఎందుకంటే కాలి లోతు పొరల్లో ఉండే ఒక రకం నరాలు పొట్ట దగ్గర లేవు. ఎలుకల్లో చూసింది మనుషులకి అలాగే వస్తుందని మాత్రం ఇప్పుడే అనకూడదు.

ఈసారి ఈ విషయం రాసేటప్పుడు ఏ జబ్బుకి చోటు ముఖ్యమో, దేనికి కాదో విడివిడిగా రాయండి, ప్యాకేజీకి డబ్బు కట్టే ముందు మా అమ్మలాంటి వాళ్ళు చదువుకుంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గుంటూరు