ఒక యూరో ఇల్లు – మట్టెవాడ భవంతులు

సంపాదకులు గారికి,

ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు దొరుకుతుందన్న మాట విని, అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తమ పిల్లల చేత ఒకటి కొనిపిద్దామా అని ఆలోచించేవారు వరంగల్, హనుమకొండలలో ఈమధ్య ఎక్కువయ్యారు. మా అమ్మాయి, అల్లుడు ఇటలీలోని ఉంబ్రియా ప్రాంతంలో కొండ మీది ఒక చిన్న పట్టణంలో పాత రాతి ఇల్లు కొని బాగు చేయించుకుంటున్నందువల్ల ఆ ప్రశ్న తరచూ నా దాకా వస్తోంది. పోయిన వేసవి వారి దగ్గర ఉండి ఆ పనిని కళ్లారా చూశాను. రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరుగా నాకు తోచినది మీ పత్రిక ద్వారా చెప్పదలిచాను.

ఒక యూరో ఇళ్లు అబద్ధం కాదు. సిసిలీ ద్వీపంలోని సాంబూకా, గాంజీ, ముస్సోమెలి వంటి ఊళ్లలో పని దొరకక యువతరం వలస పోగా పాడుబడిన ఇళ్లను ఊరు మళ్లీ నిలబడాలని ఈ విధంగా ఇస్తున్నారు. అయితే కొన్నవారు మరమ్మతు ప్లాను సమర్పించి, సాధారణంగా మూడేళ్లలో పని పూర్తి చేయాలి. అందుకు హామీగా చాలా చోట్ల 5,000 యూరోల దాకా డిపాజిట్ కట్టించుకుంటారు. గడువు దాటితే ఆ సొమ్ము పోతుంది. పైకప్పు కూలిన ఇంటిని నిలబెట్టే ఖర్చు ముందు ఆ ఒక్క యూరో లెక్కలోకే రాదు.

మా వాళ్లు కొన్నది అటువంటిది కాదు, మామూలు ధరకు కొన్నదే. అయినా మొదటి మేకు కొట్టడానికి ముందే కాగితాల పని ఎంతో నడిచింది. మన పాన్ నంబరు వంటి ‘కోదిచే ఫిస్కాలే’ లేనిదే కరెంటు కనెక్షన్ కూడా రాదు. సర్వే, ప్లాను, పర్మిషన్లు మూడూ చూసుకునే ‘జియోమెత్రా’ అనే నిపుణుడు లేకుండా గోడ జరపలేరు. ప్రభుత్వ రికార్డులోని ప్లానూ, ఎదుట ఉన్న ఇల్లూ ఒకటేనని రాసి ఇవ్వనిదే అమ్మకం చెల్లదని అక్కడ 2010లో చట్టం చేశారు. ప్లానులో లేని ఒక వెనుక కిటికీని అమ్మేవారు సరిచేయించి ఇచ్చేదాకా మా వాళ్ల రిజిస్ట్రేషన్ ఆగింది. ఇదే నిబంధన ఇక్కడ పెడితే మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల్లో గుమస్తాలకు పని ఉండదు.

నన్ను ఆకట్టుకున్నది మేస్త్రీల పనితనం. పాత యజమాని ఎవరో చెమ్మ కనబడకుండా రాతి గోడకు ఛాతీ ఎత్తు వరకు సిమెంటు గిలాబు చేయించాడు. నేలలోని తడి బయటికి పోయే దారి లేక గోడలోపలే పైకి పాకి, గిలాబు ఆగిన చోట ఉప్పు పొరలుగా బయటపడింది. వయసు మళ్లిన మేస్త్రీ వేలి కణుపులతో గోడ తడుతూ, డొల్లగా పలికిన చోటల్లా సుద్దతో గీత గీసి, సిమెంటంతా చెక్కించి, గోడను నెలల తరబడి ఆరనిచ్చాక సున్నపు గిలాబు మొదలుపెట్టాడు. పైకప్పు మీద మన గూన పెంకుల వంటి పెంకులే ఉన్నాయి. ఒక్కొక్కటిగా దించి, కొట్టి చూసి, ఖంగుమన్న పాతవాటిని పై వరుసకు, కొత్తవాటిని కంటికి కనబడని కింది వరుసకు వాడారు. వీధిలోంచి చూస్తే కప్పు ముందు ఉన్నట్టే ఉంది. 2016 భూకంపాల్లో ఆ చుట్టుపక్కల జిల్లాలు దెబ్బతిన్నందున ఎదురెదురు గోడలను ఇనుప కడ్డీలతో బిగించే పని కూడా అదే వేళ చేశారు.

ఇబ్బందులు లేకపోలేదు. ఆగస్టు నెలంతా మేస్త్రీ దొరకడు. 15న మనకు స్వాతంత్ర్య దినమైతే వారికి పెద్ద పండుగ, విప్పిన గోడ విప్పినట్టే ఉండిపోయింది. ఇంటి కరెంటు మామూలుగా 3 కిలోవాట్లకే ఇస్తారు కనుక ఓవెన్, వాషింగ్ మెషిన్ నడుస్తుండగా ఇండక్షన్ పొయ్యి మీద అన్నం పెడితే మీటరు దగ్గరే కరెంటు తెగిపోతుంది. చలికాలంలో గదులు వేడి చేసుకోవడానికీ చట్టముంది: ఆ ప్రాంతంలో అక్టోబరు 15 నుంచి ఏప్రిల్ 15 వరకు, రోజుకు 14 గంటలు మాత్రమే. మా అమ్మాయి దీనికి విసుక్కుంటుంది గాని, నాకు సబబుగానే తోచింది.

ప్రభుత్వం అక్కడ ఆంక్షలతో ఆగదు. ఇంటి మరమ్మతు పనికి మన జీఎస్టీ వంటి పన్నును 22 శాతానికి బదులు 10 శాతమే వేస్తుంది, ఖర్చులో కొంత భాగాన్ని పదేళ్ల పాటు ఆదాయపు పన్నులో తగ్గిస్తుంది. 2020లో ఖర్చు కంటే ఎక్కువగా, అంటే అందులో 110 శాతం, తిరిగి ఇస్తామన్న పథకం మాత్రం ఖజానాకు గుదిబండ అయింది; అంత ఉదారత మనకు అక్కరలేదు.

మన వరంగల్‌లోని మట్టెవాడ, గిర్మాజీపేట గల్లీల్లో టేకు స్తంభాలు, డంగు సున్నపు గోడలు ఉన్న భవంతి ఇళ్లు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిని కూల్చి స్లాబు వేసుకోదలిచినవారికి దారి సుళువు: భవన నిర్మాణ అనుమతుల కోసం 2020లో చేసిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలమైతే ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. అదే ఇంటిని బాగు చేసుకుని ఉండాలనుకునే కుటుంబానికి పన్నులో రాయితీ లేదు, సలహా చెప్పే మనిషి లేడు, సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. వారసత్వ కట్టడాల పరిరక్షణకు 2017లో వచ్చిన రాష్ట్ర చట్టం ఇటువంటి మామూలు ఇళ్ల గడప దాకా వచ్చిన జాడ లేదు.

కనుక గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థకు నా విన్నపం: నిట్ సివిల్ విద్యార్థుల సాయంతో ఈ ఇళ్లను కొలిచి, ఒక్కొక్క దానికి ప్లాను గీయించి రికార్డు చేయాలి. మిగిలిన పాత మేస్త్రీల చేత యువకులకు సున్నం పని నేర్పించాలి. వీధి వైపు గోడను, కప్పును మార్చకుండా లోపల సౌకర్యాలు కల్పించుకునే యజమానులకు కొన్నేళ్లు ఇంటి పన్ను తగ్గించాలి. వచ్చే బడ్జెట్ సమావేశంలోనే దీనిని చర్చకు తెస్తే బాగుంటుంది. ఈ వేసవిలో కూల్చడానికి బేరం కుదిరిన భవంతులు మా గల్లీలోనే ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంజినీరు,
మట్టెవాడ, వరంగల్