ప్యాకేజీలో లేని రక్తపరీక్ష

సంపాదకులకు నమస్కారం.

ఒక్క రక్తపరీక్షతో క్యాన్సర్‌ని ముందే పట్టేయొచ్చని ఈమధ్య పేపర్లో, ఫోన్లో ఎక్కడ చూసినా అదే. మా అమ్మమ్మ రొమ్ము క్యాన్సర్‌తో పోయింది, అమ్మకి 49 ఏళ్లకే ఓవరీ క్యాన్సర్ వచ్చి ఆపరేషన్, కీమో అన్నీ అయ్యాయి, అలాంటి ఇంట్లో ఈ మాట వింటే ఊరుకోబుద్ధి కాదు కదా. పోయినేడాది ఒక ల్యాబ్ వాళ్లు ఆడవాళ్ల క్యాన్సర్ ప్యాకేజీ అంటే నేనూ చెల్లీ పొద్దున్నే వెళ్లి రక్తం ఇచ్చొచ్చాం.

సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టులు. సీఏ 125 అనేది ఓవరీ క్యాన్సర్‌లో రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్, 35 లోపు ఉండాలట. నాకు 58, అదీ ఎర్ర అక్షరాల్లో. చెల్లికి 11. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. మేనత్త మాత్రం ఫోన్ చేసి "నీకు గండం గడిచిందే తల్లీ" అని చెల్లితో అంది. పది రోజులు స్కానింగులని తిరిగాక గైనకాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, రక్తం ఇచ్చిన రోజు పీరియడ్స్‌లో ఉన్నావా అని. ఉన్నాను. పీరియడ్స్‌లో అది పెరుగుతుందట, గర్భసంచిలో ఫైబ్రాయిడ్స్ అనే గడ్డలు ఉన్నా, కడుపులో టీబీ ఉన్నా పెరుగుతుందట. పైగా ఓవరీ క్యాన్సర్ తొలిదశలో దాదాపు సగం మందిలో పెరగనే పెరగదట. మరి అమ్మకి నెలనెలా ఇదే చేశారుగా అంటే, అది మందు పనిచేస్తోందా, జబ్బు తిరగబెడుతోందా చూసుకోవడానికి అన్నారు. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా మహిళల మీద ఏళ్ల తరబడి పరిశీలించి 2021లో ఫలితాలు చెప్పారు: ఏటా ఈ పరీక్ష చేసినా ఓవరీ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు.

మాకు కావలసింది జన్యు పరీక్ష అని ఆవిడే చెప్పారు. ల్యాబ్ వాళ్ల సంగతి సరే, అమ్మకి వైద్యం జరిగినన్నాళ్లూ ఆ ఆస్పత్రిలో కూడా ఒక్కరు ఈ మాట ఎత్తలేదు, నాకు కోపం అక్కడే. అదీ ముందు మాకు కాదు, జబ్బు వచ్చిన మనిషికి చేయాలి. అమ్మ జన్యువుల్లో తేడా ఎక్కడుందో దొరికితే పిల్లల్లో సరిగ్గా అక్కడే వెతుకుతారు. అమ్మకి బీఆర్‌సీఏ 1 అనే జన్యువులో దొరికింది. పిల్లల్లో ఒక్కొక్కరికి ఆ తేడా వచ్చే అవకాశం సగానికి సగం. 58 వచ్చిన నాకు లేదు. 11 వచ్చిన చెల్లికి ఉంది.

ఈ తేడా ఉన్న ఆడవాళ్లలో నూటికి 60 మందికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్, 40 మందికి అటూఇటుగా ఓవరీ క్యాన్సర్ వస్తాయి. చెల్లికిప్పుడు 29. ఏటా రొమ్ముకి ఎం.ఆర్.ఐ., 30 దాటాక మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా, పిల్లలు పుట్టాక 35, 40 మధ్యలో ఓవరీలు, ట్యూబులు తీయించుకోవడం, ఇదీ దారి. కణితి నుంచి రక్తంలోకి రాలే డీఎన్ఏ ముక్కల్ని వెతికే కొత్త పరీక్షలూ వస్తున్నాయి గానీ, చిన్న కణితి రాల్చేదే కొంచెం, అందుకని ఆ పరీక్ష రిపోర్టు బాగానే ఉందని ఎం.ఆర్.ఐ. మానేయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు.

సంబంధాలు చూస్తున్న టైమిది, బయటికి పొక్కితే ఎలా అని నాన్నకి టెన్షన్. మామయ్యేమో "మగాణ్ణి, నాకెందుకమ్మా ఆ పరీక్ష" అంటాడు. తండ్రి నుంచి కూడా అంతే సమానంగా వస్తుందని ఎన్నిసార్లు చెప్పినా వినడు, ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు.

హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది, జిల్లాల్లో ఉన్నవాళ్లం ఎవరిని అడగాలి? ఓవరీ క్యాన్సర్ అని తేలిన ప్రతి ఆడమనిషికీ ఈ పరీక్ష గురించి చెప్పడం, ప్రభుత్వ ఖర్చుతో చేయించడం తప్పనిసరి చేయాలి. మేం సొంత డబ్బుతో చేయించుకున్నాం, అందరి వల్లా కాదు. మీరు కూడా ఈసారి ఆ ఒక్క రక్తపరీక్ష వార్త వేసేటప్పుడు, అది ఏ పరీక్షో, ఎవరికో కాస్త విడమర్చి రాయండి. మామయ్యకి కట్ చేసి పంపిస్తాను.

ఒక పాఠకురాలు, గుంటూరు