సర్పంచ్ ఆమె, ఫోన్ నంబరు ఆయనది

సంపాదకుడు గారికి,

నమస్కారం. మహిళా రిజర్వేషన్ల మీద మీ పేపర్లో ఈమధ్య వరసగా వ్యాసాలు వస్తున్నాయి. అన్నీ చదువుతున్నాను. ఎన్ని సీట్లు, ఎంత శాతం, ఎప్పటినుంచి అమలు అని చర్చంతా లెక్కల చుట్టూనే తిరుగుతోంది. లెక్కలు వద్దనడం లేదు, అవి కావాల్సిందే. కానీ సీటు చేతికొచ్చాక అందులోని అధికారం ఏ సందుల్లోంచి జారిపోతోందో మాత్రం ఎవరూ రాయడం లేదు. మండల పరిషత్ ఆఫీసులో చాలాకాలం పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి ఆ సందులు నాకు బాగా తెలుసు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైతే కత్తిరించుకోండి గానీ, ఆఫీసర్ల గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, పంచాయతీల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకన్నారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2011లో దాన్ని సగం చేసింది. తెలంగాణ 2018లో తెచ్చుకున్న చట్టంలోనూ సగమే. అంటే ఆడవాళ్లు సర్పంచ్ కుర్చీలో కూర్చోవడం మొదలై ముప్పై ఏళ్లు దాటింది. అయినా ఈరోజుకీ ఏ ఆఫీసులోనైనా "ఆ ఊరి సర్పంచ్‌ని లైన్లోకి తీసుకోండి" అంటే ఫోన్ మోగేది ఆమె భర్త జేబులో.

ఎందుకు మోగుతుందంటే, గెలిచిన కొత్తలో వివరాల కాగితం మీద ఆయన నంబరు రాస్తారు, దాన్ని తీసుకున్న ఉద్యోగి మారు మాట్లాడకుండా రిజిస్టర్లో ఎక్కిస్తాడు. ఇక అంతే, ఐదేళ్లూ ఆ నంబరే నడుస్తుంది. మండలంలో సర్పంచ్‌ల వాట్సాప్ గ్రూపు ఉంటుంది కదా, అందులో ఆడ సర్పంచ్‌ల బదులు వాళ్ల మొగుళ్లుంటారు, ఒకరిద్దరి విషయంలో మరిదో కొడుకో. మీటింగ్ ఎప్పుడు, ఏ పద్దు కింద ఎంత పడింది, ఏ పనికి అంచనా వేశారు, అన్నీ ఆ గ్రూపులోకే వస్తాయి. ఇప్పుడు చెల్లింపులు ఆన్‌లైన్ అయ్యాక ఇంకా సులువైపోయింది. ఇదివరకు సంతకం కోసమైనా చెక్కుబుక్కు పట్టుకుని ఇంటికి రావాల్సి వచ్చేది, ఆమె కనీసం అంకె చూసేది. డిజిటల్ కీ (సంతకం బదులు కంప్యూటర్‌కి పెట్టే చిన్న పరికరం) వచ్చాక అది ఎవరి దగ్గరుంటే వాళ్లే సర్పంచ్. చాలా ఊళ్లలో అది భర్త దగ్గరో, కంప్యూటర్ పని చూసే కుర్రాడి దగ్గరో ఉంటుంది. తన పేరు మీద ఎంత డబ్బు కదిలిందో తెలియకుండానే పదవీకాలం పూర్తి చేసిన వాళ్లున్నారు. రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే నోటీసు మాత్రం ఆమె పేరు మీదే వస్తుంది, ఆ కాగితం మీద భర్త పేరు ఎక్కడా ఉండదు.

అందరూ ఇలాగే ఉంటారని కాదు. ఒకామెను దగ్గరగా చూశాను. పేరు, ఊరు రాయను. పదో తరగతి దాకా చదివింది, అంతకుముందు డ్వాక్రా సంఘంలో లెక్కలు రాసింది. ఊళ్లో సీసీ రోడ్డు వేశారు. బిల్లు పెట్టే ముందు ఈమె వెళ్లి రోడ్డు అంచున మట్టి గీకించి టేపు పెట్టి కొలిచింది, ఒకచోట కాదు, ఆ చివర్నుంచి ఈ చివరిదాకా. పని కొలతలు ఎక్కించే ఎం-బుక్‌లో రాసిన మందానికీ అక్కడున్న మందానికీ పొంతన లేదు. చెక్కు మీద సంతకం పెట్టనంది. ఇక చూడండి. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, అందరూ ఆమె భర్తకు ఫోన్ చేశారు. ఆయన ఆటో నడుపుకునే మనిషి, భార్య చేసింది కరెక్టేనని ఆయనకూ తెలుసు. కానీ పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు "నువ్వు చెబితే వినదా, ఇంట్లో నీ మాట చెల్లదా" అంటుంటే ఎన్నాళ్లు తట్టుకుంటాడు? తెలంగాణ 2018 చట్టం చెక్ పవర్‌ని, అంటే చెక్కుల మీద సంతకం పెట్టే అధికారాన్ని, సర్పంచ్‌కీ ఉపసర్పంచ్‌కీ కలిపి ఇచ్చింది కదా, ఆ రోడ్డు చెక్కు ఆగినందుకు ఉపసర్పంచ్ మిగతా చెక్కులన్నీ ఆపేశాడు. వీధి దీపాలు ఆగాయి, సఫాయి వాళ్ల జీతాలు ఆగాయి. ఊరు ఎవర్ని తిట్టింది? ఆమెనే.

ఆమె ఆఫీసుకొచ్చి ఈ గోడు మొత్తం చెప్పుకుంటే మా పెద్దాఫీసర్ అన్న మాట ఇది: "అమ్మా, మీకెందుకివన్నీ, సార్‌ని ఓసారి పంపించండి, కూర్చుని మాట్లాడుకుంటాం." సార్ అంటే ఆటో నడిపే ఆ భర్త. ఆయన ఏ ఆఫీసులో సారో నాకిప్పటికీ అర్థం కాదు. ప్రజలు ఓట్లేసి గెలిపించిన మనిషి ఎదురుగా నిలబడి ఉంది, చేతిలో కాగితాలున్నాయి, కొలతలున్నాయి, ఆమె మీటింగ్‌కి పనికిరాదు. ఏ పదవీ లేని ఆయన పనికొస్తాడు. తర్వాతి ఎన్నికల్లో ఆ సీటు జనరల్ అయింది, ఆమెను నిలబడతావా అని అడిగినవాళ్లు కూడా లేరు.

ఇలాంటివి చూసినదాన్ని కనుక "డమ్మీ సర్పంచ్", "రబ్బరు స్టాంపు" అనే మాటలు వింటే ఒళ్లు మండుతుంది. ఆ మాటలు ఆమెను వెక్కిరిస్తాయి గానీ ఆమెను డమ్మీ చేసినవాళ్ల జోలికి పోవు. ప్రధాని 2015లో పంచాయతీరాజ్ దినోత్సవం నాడు ఈ సర్పంచ్ పతుల సంస్కృతి పోవాలన్నారు. విషయం 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ కమిటీ వేసింది, భార్య బదులు పెత్తనం చేసేవాళ్లకు గట్టి శిక్షలుండాలని ఆ కమిటీ చెప్పింది. వేయండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ భర్త ఒక్కడే ఎంత చేయగలడు చెప్పండి? మండల మీటింగ్‌లో ఆయనకు కుర్చీ వేయించింది ఎవరు? తీర్మానాల పుస్తకం సంతకానికి ఇంటికి పంపింది ఎవరు? ఆమె రాకపోయినా హాజరు పడింది ఎవరి చేతిరాతతో? ప్రభుత్వ ఉద్యోగి సహకరించకుండా ఇందులో ఒక్కటి కూడా జరగదు. శిక్ష బల్లకు ఆఫీసర్ కూర్చునే వైపు నుంచి మొదలుపెడితే ఈ భర్తల పెత్తనం సగం దానంతటదే తగ్గుతుంది. సర్పంచ్ కానివాడిని మీటింగ్‌లో కూర్చోబెట్టిన ఆఫీసర్‌కి మెమో ఇచ్చారని నా సర్వీసు మొత్తంలో వినలేదు.

ఇక "పాపం వాళ్లకు ఏం తెలుసండీ" అనే పాత పాట ఒకటి. రెండు రాష్ట్రాల్లోనూ పొదుపు సంఘాల ఆడవాళ్లు బ్యాంకు అప్పులు తెచ్చి, వాయిదాలు కట్టించి, పుస్తకాలు రాసి చూపిస్తున్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, చివరికి 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది. పంచాయతీ రిజర్వేషన్లు వచ్చిందీ అదే ఏడు. ఆ ఉద్యమం నడిపినప్పుడు వాళ్లలో ఎంతమందికి పదవులున్నాయి? బెంగాల్, రాజస్థాన్‌లలో 265 పంచాయతీలను పరిశీలించి రాఘవేంద్ర చటోపాధ్యాయ, ఎస్తేర్ డఫ్లో అనే పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం అచ్చువేశారు (డఫ్లోకి తర్వాత నోబెల్ కూడా వచ్చింది). ఆడవాళ్లు అధ్యక్షులుగా ఉన్నచోట మంచినీళ్ల మీద ఎక్కువ ఖర్చు పెట్టారని తేలింది. ఆ ఊళ్ల ఆడవాళ్లు ఎక్కువగా మొరపెట్టుకున్నదీ మంచినీళ్ల గురించే. బెంగాల్లోనే ఇంకో అధ్యయనం 2012లో వచ్చింది. వరసగా రెండుసార్లు మహిళకు రిజర్వ్ అయిన పంచాయతీల్లో, ఆడపిల్లల చదువు మీద తల్లిదండ్రులు పెట్టుకునే ఆశలు పెరిగాయని అందులో ఉంది. రెండుసార్లు అన్నది గమనించండి. ఒక్క దఫాకే సీటు మార్చేస్తే ఆమె పని నేర్చుకునేలోగా గడువు అయిపోతుంది, ఊరికి కూడా ఆమె అలవాటు కాదు.

కింద ఇలా ఉంది, పైన మాత్రం వేరుగా ఉందా? దర్జా ఎక్కువ, అంతే. తెలంగాణ ఏర్పడ్డాక 2014 నుంచి 2018 దాకా నడిచిన మొదటి మంత్రివర్గంలో ఒక్క ఆడమనిషి లేదు. 2019 సెప్టెంబరులో గానీ ఇద్దరికి చోటు దొరకలేదు. 2023 ఎన్నికల్లో 119 సీట్లకు గెలిచిన ఆడవాళ్లు 10 మంది. హోంశాఖ విషయంలో మనవాళ్లు ముందున్నారంటారు, నిజమే. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో సబితా ఇంద్రారెడ్డి హోంమంత్రి అయ్యారు, 2019 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ఆ శాఖ వరసగా మేకతోటి సుచరిత, తానేటి వనిత, ఇప్పుడు వంగలపూడి అనిత చేతుల్లో ఉంటూ వస్తోంది. సంతోషం. కానీ 2024 జూన్‌లో శాఖలు పంచినప్పటి జాబితా తీసి చూడండి. అనితగారికి హోం, విపత్తు నిర్వహణ ఇచ్చారు, శాంతిభద్రతలు ముఖ్యమంత్రి దగ్గరే ఉన్నాయి. ముఖ్యమంత్రులు అలా పెట్టుకోవడానికి కారణాలుండొచ్చు. అయినా ఊళ్లో ఏదైనా ఘోరం జరిగితే టీవీల వాళ్లు మైకు పెట్టేది మాత్రం హోంమంత్రి ముందే.

పార్లమెంటు సంగతి క్లుప్తంగా చెబుతాను, అది అందరికీ తెలిసిందే. చట్టసభల్లో ఆడవాళ్లకు సీట్లు కేటాయించే మహిళా బిల్లు మొదట 1996లో వచ్చింది, 2010లో రాజ్యసభ దాటి లోక్‌సభలో మూలపడింది, చివరికి 2023లో లోక్‌సభలో 454 ఓట్లతో గట్టెక్కింది, వ్యతిరేకంగా పడ్డవి రెండే. జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకే అమలు అని అందులోనే ముడి వేశారు. అందుకే 2024 ఎన్నికలకు అది అందలేదు. సరే, చట్టం అమల్లోకి రాలేదనుకుందాం, ఆడవాళ్లకు బీ-ఫారం (పార్టీ టికెట్) ఇవ్వడానికి ఏ జనగణన అడ్డొచ్చింది? బిల్లుకు చేతులెత్తి ఓటేసిన పార్టీలే ఏడాది తిరక్కుండా టికెట్లు పంచాయి, దేశమంతా కలిపి చూస్తే అభ్యర్థుల్లో ఆడవాళ్లు పదో వంతు కూడా లేరు. గెలిచింది 74 మంది, 2019లో గెలిచిన 78 మంది కంటే తక్కువ. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఓటర్ల జాబితాలో మాత్రం ఆడవాళ్లే ఎక్కువ.

మీ పేపర్ సంగతి కూడా అడగాలి, కోపం తెచ్చుకోకండి. జిల్లా పేజీల్లో మగ సర్పంచ్ అయితే ఆయన పేరొక్కటే వేస్తారు. ఆడ సర్పంచ్ అయితే ఆమె పేరు, ఒక గీత, పక్కనే భర్త పేరు. ఎందుకా గీత? ఆయనకు ఓట్లెవరేశారు? మొక్కలు నాటిన ఫొటోలో గునపం ఆయన చేతిలో, ఆమె వెనక వరసలో, కింద "పాల్గొన్న సర్పంచ్ దంపతులు". కలెక్టర్‌ని కలిశారని రాసేటప్పుడు కలెక్టర్ దంపతులు అని ఎప్పుడూ రాయరే! భర్త ఫోన్ చేసి చెప్పిన వార్తను సర్పంచ్ చెప్పినట్టు రాసుకునే విలేకరులూ ఉన్నారు, మీకు తెలియదని అనుకోను. కాస్త నోరున్న ఆడమనిషి పదవిలోకొస్తే గయ్యాళి అంటారు, మెత్తగా ఉంటే డమ్మీ అంటారు. మగాడికి ఈ రెండింటి మధ్య బోలెడంత జాగా ఉంటుంది.

ఇంకో మాట, ఇది పెద్దగా ఎవరూ పట్టించుకోనిది. పని చేసేచోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది, పదిమంది పనిచేసే ఆఫీసులో కూడా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. లక్షల మంది కార్యకర్తలున్న రాజకీయ పార్టీలో? అవసరం లేదు! పార్టీకీ సభ్యులకీ మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి కమిటీ పెట్టనక్కర్లేదని 2022లో కేరళ హైకోర్టు అంది. పార్టీలనూ ఈ చట్టం కిందికి తేవాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025లో తోసిపుచ్చింది. కోర్టులు చట్టంలో ఉన్నదాన్ని బట్టి చెప్పాయి, సరే. మరి అర్ధరాత్రి దాకా ప్రచారాలు, వేరే ఊళ్లలో మకాం, టికెట్ కోసం నాయకుల గుమ్మాల దగ్గర పడిగాపులు, ఇవన్నీ చేయాల్సిన ఆడ కార్యకర్తకు ఏదైనా జరిగితే ఎవరికి చెప్పుకోవాలి? టికెట్ ఇచ్చేవాడి మీదే చెప్పాల్సి వస్తే? ఇంట్లోవాళ్లు "ఆ రాజకీయాలు మనకొద్దు తల్లీ" అనడానికి ఇదే పెద్ద కారణం. సొంత తండ్రో మొగుడో పార్టీలో ఉన్నవాళ్లే ఎక్కువగా పైకి రావడానికి కూడా ఇదొక కారణమేమో, నాకలా అనిపిస్తుంది. చట్టం బలవంతపెట్టకపోతే మాత్రం పార్టీ తనంతట తాను కమిటీ వేసుకోకూడదని ఎవరన్నారు?

అందుకే మిమ్మల్ని రెండు పనులు అడుగుతున్నాను. మీ విలేకరుల చేత మండలానికో రిజిస్టర్ తీయించి, మహిళా సర్పంచ్‌ల పేర్లకు ఎదురుగా ఉన్న నంబర్లకు ఒకసారి ఫోన్ చేయించండి, ఎంతమంది విషయంలో ఆమె ఎత్తిందో అచ్చు వేయండి. రెండోది, మన రెండు రాష్ట్రాల్లోని పార్టీలన్నింటికీ ఒకే ప్రశ్న పంపండి: మీ పార్టీలో ఆడవాళ్ల ఫిర్యాదులకు కమిటీ ఉందా, ఉంటే అందులో ఎవరున్నారు, ఫిర్యాదు ఎక్కడివ్వాలి? వచ్చిన జవాబులు వచ్చినట్టే వేయండి, జవాబివ్వని పార్టీ పేరు పక్కన ఖాళీ వదిలేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మండల పరిషత్ విశ్రాంత ఉద్యోగి